పటమునకు దండ, ఫిడేలునకు తాళము

గత నవంబరు 25వ తేదీ సాయంకాలము తిరువళ్ళూరులో మన సంఘము వారు ద్వారం వెంకటస్వామినాయుడుగారి వర్ధంతి జరిపిరి. నేను ఐదు గంటలకే పోయి ముందు వరుసలో కూర్చుంటిని. నాయుడుగారి పటమును ఎత్తుపీటపై నిలిపి పెద్ద చామంతిదండ వేసిరి. ఆ దండ యెంత లావుగా నున్నదనగా, పటములోని ఫిడేలు సగము దాని చాటున పడిపోయినది. దీపము వెలిగించిరి. ఐదుగురు పెద్దలు మాటలాడిరి. ఒకరు సంగీత కళానిధి యనిరి. ఒకరు పద్మశ్రీ యనిరి. ఒకరు ఆంధ్రజాతి కీర్తిపతాక యనిరి. రెండు గంటలు గడచినవి. పిదప బాడుగకు వచ్చిన బృందమువారు సినిమా పాటలు పాడిరి. పులిహోర పొట్లములు పంచిరి. ఇండ్లకు పోయితిమి. ఆ మూడు గంటలలో ఆ మందిరమున ఫిడేలు ధ్వని ఒక్క నిమిషమైనను వినబడలేదు.

ఇది నివాళి యనిపించుకొనునా? వంటలో పేరు గన్నవానికి వర్ధంతి జరిపి అతిథులను పస్తు పంపినట్లు, మనము ఒక వాద్యకారునికి నిశ్శబ్దముతో నివాళి యిచ్చితిమి. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. సంగీత విద్వాంసుని గౌరవించుట యనగా, ఆయన వాయించినదానిని మన చేతనైనంత వాయించి, పాడి, పదిమందికి వినిపించుట. దండలు, దీపములు, ఉపన్యాసములు వలదని నేననను. అవి అంచుకు వేసిన జరీ వంటివి. బట్టయే లేనప్పుడు జరీ దేనికి?

సభకు నెల దినములు ముందు కార్యవర్గ సమావేశమున నేనొక మనవి చేసితిని. మన కుటుంబములలో ఫిడేలు, వీణ, గాత్రము నేర్చుకొనుచున్న పిల్లలు, పెద్దలు ఇరువదిమందికి తక్కువ లేరు. వారు తమ తమ యిండ్లలోనే, నాయుడుగారి వాద్యమును విని నేర్చిన కీర్తన నొక్కటి సెల్ ఫోనులో ముద్రణ చేసి పంపవలెను. వానిని సభలో వినిపించి, పిమ్మట కుటుంబములన్నిటికిని పంచిపెట్టవలెను. ఇదియే నా మనవి. ఒక పెద్దమనిషి చిఱునవ్వు నవ్వి, “ఏమండీ, హనుమంతుని ముందు కుప్పిగంతులా?” అనిరి. అందఱును నవ్విరి. నేనును నవ్వితిని. ముప్పది యెనిమిదేండ్లు గుమాస్తాగా పనిచేసినవానికి పైవారు నవ్వినప్పుడు తానును నవ్వుట అలవాటు. నా మనవి అంతటితో కాగితములలో కలిసిపోయినది. కాని యింటికి వచ్చిన తరువాత నాకు నవ్వు రాలేదు.

సామెత చెప్పుట సులభము; సామెతతో వాదము తీరిపోదు. హనుమంతుని ముందు కుప్పిగంతులు తగవనుట నిజమే. కాని హనుమంతుడిప్పుడు మన ముందు లేడు. నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. మన ముందున్నది పటము. ఆ పటము ముందైనను ఒక్క గంతు వేయుటకు సిగ్గుపడి, ఒక మూల ముడుచుకొని కూర్చుండి, ఏటేట తమలపాకుల దండ మాత్రము సమర్పించు వానరమును మనమేమందుము? దానిని భక్తి యందుమా, సోమరితన మందుమా?

చిన్నవారి కొఱకు ఆయన యెవరో నాలుగు మాటలలో చెప్పెదను. నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి, పెరిగినది విశాఖపట్టణమున. తొలి పాఠములు అన్నగారైన వెంకటకృష్ణయ్యగారి వద్ద జరిగినవి. చూపు మందము, కావున పుస్తకము కంటె చెవినే నమ్ముకొనిరి. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. నాయుడుగారు అచట విద్యార్థిగా చేరబోయి ఫిడేలు ఆచార్యులుగా నియమింపబడిరని చెప్పుదురు. 1936లో తామే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ లభించినవి. పాశ్చాత్య దేశములలో సుప్రసిద్ధుడైన యెహుదీ మెనూహిన్ మద్రాసున జస్టిస్ పి. వి. రాజమన్నారుగారి యింట ఆయన వాద్యము విని ముగ్ధుడయ్యెను. ఇవన్నియు మన ఉపన్యాసకులు చెప్పినవే. చెప్పనిది వేఱొకటి కలదు.

ఆ దినములలో ఫిడేలనగా కచేరిలో ప్రక్కవాద్యము. పాడువాని వెంట నడచుట దాని పని. దానిని వేదిక మధ్యకు తెచ్చి, ఫిడేలుతోనే కచేరి నడపిన తొలివారిలో నాయుడుగారొకరు. అట్టి తొలి కచేరి 1938లో వేలూరున జరిగినదని చెప్పుదురు. వేలూరు మనకు పరాయి యూరా? నాటి మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. వేలూరు దాని ప్రక్క జిల్లాలోనిది. ఆనాడు వేలూరు రసికులు “ప్రక్కవాద్యమునకు కచేరి యెందుకు? పాటకుని ముందు కుప్పిగంతులా?” అని నవ్వియుండిన యెడల ఏమయ్యెడిది? ఆయనను నేడు మనము పొగడుట కూడ ఉండెడిది కాదు. తగుదువా యని ముందుగా అడుగక, వాయింపుము వినెదమని కూర్చున్నవారి చలువ వలననే మనకొక ద్వారంవారు దొరకిరి.

ఇంకను వెనుకకు పోయి చూతము. కర్ణాటక సంగీతములోనికి ఫిడేలు ఏ దారిన వచ్చినది? నిన్న మొన్నటి వఱకు మన తిరువళ్ళూరు జిల్లాలోనిదే యైన మణలి దారిన. మణలి జమీందారులైన మొదలియార్లు ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబమును ఆదరించి, సెంటుజార్జి కోటలో దొరల బ్యాండు వినుటకు తీసికొనిపోయెడివారు. దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యమునకు ఆశపడగా, ఒక ఐరోపీయుని వద్ద ఫిడేలు నేర్పించిరి. ఆ యువకుడు తొలి దినములలో కమాను ఎట్లు పట్టుకొనెనో, ఎన్ని అపస్వరములు పలికించెనో మనకు తెలియదు. తప్పక పలికించియుండును. ఆ తప్పులను ఓర్చుకొని విన్న చెవులు మణలిలో ఉండినవి. అట్టి చెవులు నేడు తిరువళ్ళూరులో లేవా?

ఇక మన తిరుత్తణి మాట. ముత్తుస్వామి దీక్షితులవారి నోట తొలి కీర్తన పలికినది ఈ కొండమీదనే. స్వామి వృద్ధుని రూపమున వచ్చి నోటిలో పటికబెల్లము వేసెనని, వెంటనే మాయామాళవగౌళ రాగమున కీర్తన వెలువడెనని పెద్దలు చెప్పు కథ మీరందఱు విన్నదే. ఆయన వైణికుడు. ఆయన వీణానాదము ఏ యంత్రములోను ముద్రితము కాలేదు. 1835లోనే ఆయన సిద్ధిపొందిరి. మఱి ఆ కీర్తనలు మనదాక ఎట్లు వచ్చినవి? వినినవారు పాడిరి, పాడినవారు వ్రాసిరి, వ్రాసినవారు దాచక పంచిరి. బాలుస్వామి దీక్షితుల మనుమడై, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రకటించిరి. దీక్షితులవారి కీర్తనలు రెండు వందలకు పైగా స్వరములతో అందున్నవి. దక్షిణాన దూరపు తమిళదేశమున అచ్చైన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో నున్నది. తెలుగు లిపి మాసిపోవుచున్న మన యిండ్లలో ఈ సంగతిని పిల్లలకు రోజునకొకసారి చెప్పినను తప్పు లేదు.

ఆ గ్రంథము వెలువడుటకు పట్టుబట్టినవారెవరు? విద్వాంసులు కారు. మద్రాసు సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటుగా నుండిన చిన్నస్వామి మొదలియారుగారు. క్రైస్తవులు, తమిళులు; మా గుమాస్తాల బల్లల మధ్య బ్రతికినవారు. కచేరులు చేసినవారు కారు. త్యాగరాజస్వామి కీర్తనలను, దీక్షితులవారి కీర్తనలను తెలిసినవారి వద్ద విని, పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి, 1892 మొదలు అచ్చువేయనారంభించిరి. చూపు పోవునంతగా శ్రమించి, తుదకు ఎట్టయపురము పోయి, సుబ్బరామ దీక్షితులచేత వ్రాయించుడని అచటి ప్రభువును వేడుకొనిరి. ఆయనను ఎవరైనను “మీకెందుకండీ, మీరు విద్వాంసులా?” అని యడిగియుండవచ్చును. అడిగినను ఆయన ఆగలేదు.

అట్లే, తిరుత్తణి నుండి నైరుతిగా షోళింగరు దాటి పోయినచో వాలాజాపేట వచ్చును. అచట నివసించిన వెంకటరమణ భాగవతారుగారు త్యాగరాజస్వామి శిష్యులు. ఇంటిభాష సౌరాష్ట్రము. ఆయనయు ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారుగారును వ్రాసి కాపాడిన ప్రతులే నేటికి మధురలో సౌరాష్ట్ర సభవారి వద్ద నున్నవి. త్యాగరాజస్వామివారి తెలుగు మాటను ఒక సౌరాష్ట్ర కుటుంబము, ఒక తమిళ క్రైస్తవుడు శ్రమపడి నిలిపిరి. తెలుగువారమని సంఘము పెట్టుకొన్న మనము పులిహోర పంచుచున్నాము.

పాడరాదను పెద్దలు ఏ కాలమునను ఉన్నారు. తిరువైయ్యారులో త్యాగరాజ ఆరాధనయందు ఒకప్పుడు స్త్రీలు పాడరాదనిరి. సమాధికి మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు 1927లో స్త్రీలతో వేఱుగా ఆరాధన నడపించి, పాడియే జవాబు చెప్పిరి. నేడు పుష్య బహుళ పంచమినాడు అచట ఘనరాగ పంచరత్నములు పాడునప్పుడు విద్వాంసులును, బడిపిల్లలును, ముదుసళ్ళును ఒక్క కంఠమై పాడుదురు. స్వరము తప్పినవానిని ఎవరును బయటకు నెట్టరు. 2020లో కరోనా వచ్చి సభలన్నియు మూతపడినప్పుడు ఎందఱో తమ పూజగదులలో కూర్చుండి పాడి, ఆ ముద్రణలను బంధుమిత్రులకు పంపుకొనిరి. దానివలన త్యాగరాజస్వామి గౌరవమునకు ఏ లోపమును కలుగలేదు.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణలలో బలమైనదానిని తీసికొందును. “తప్పులతో వాయించినది నలుగురి చేతిలో పడినచో తప్పే నిలిచిపోవును, రేపటివారు దానినే సంప్రదాయమనుకొందురు” అని. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. దీనికి నా సమాధానము రెండు విధములు. మొదటిది: దాచిన తప్పును దిద్దువారుండరు. ఇంటిలో తలుపు మూసికొని వాయించు పిల్లవాడు పదేండ్లు అదే తప్పు వాయించును. ముద్రణ పంపినచో, వినినవారిలో తెలిసినవారొకరు “ఇచట గాంధారము తగ్గినది, మరల చూడుము” అని చెప్పుదురు. రెండవది: ప్రతి ముద్రణకు ముందు వాయించువారు తమ పేరును, తేదీని, ఎవరి వద్ద నేర్చిరో ఆ మాటను, తాము అభ్యాసకులమను సంగతిని నోటితో చెప్పవలెను. కచేరీ దస్త్రమునకు తేదీయు సంతకమును ఎట్లో దీనికి ఇది యట్లు. అపుడు అభ్యాసకుని వాద్యమును గురువు వాద్యమని ఎవరును భ్రమపడరు. కీడు చేయునది తప్పు వాద్యము కాదు, తప్పు చీటీ. తమ వాద్యమును నాయుడుగారి పేర పంపువాడు మోసగాడు. వానిని నేనును సమర్థింపను.

కొందఱు మెప్పు కొఱకే పాడి పంపుదురనుట కూడ నిజము. మెప్పు కొఱకు ఉపన్యసించువారిని వేదికపై కూర్చుండబెట్టి శాలువ కప్పుచున్నప్పుడు, మెప్పు కొఱకు ఒక కీర్తన నేర్చినవానిపై మాత్రము కోపమెందుకు? వానికి కనీసము కీర్తన వచ్చును.

ఈ గోడు అమెరికాలో న్యూజెర్సీయందున్న మా అక్క కొడుకుతో ఫోనులో వెళ్ళబోసికొంటిని. వాడు గిటారు వాయించును. “విను మామా, ఇక్కడ గూడ ఒక ద్వారంవారు ఉండినారు” అని వాడు చెప్పిన కథ నన్ను ఆశ్చర్యపరచినది. రెవరెండ్ గ్యారీ డేవిస్ అను నల్లజాతి గాయకుడు 1896లో దక్షిణ కరోలినా రాష్ట్రమున పుట్టెను. పసితనముననే కన్నులు పోయినవి. గిటారు పట్టి, బ్లూస్ అను తమ జాతి వేదన పాటలను, గాస్పెల్ అను క్రైస్తవ భక్తిగీతములను వాయించెను. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, ఈ రెంటితోనే గిటారుపై ఒక మేళమంతటిని పలికించెడివాడట. 1935లో కొన్ని రికార్డులిచ్చెను. మతబోధకుడై, తరువాత న్యూయార్కులో హార్లెము వీథుల నిలిచి పాడుచు, ఇంటిలో పాఠములు చెప్పి కొద్ది రుసుము పుచ్చుకొనుచు జీవించెను.

ఆ యింటికి తెల్లజాతి పిల్లలును వచ్చిరి. కొందఱు టేపురికార్డరులు మోసికొని వచ్చి, పాఠమును, మధ్యలో గురువు చెప్పిన ముచ్చట్లను సైతము ముద్రించుకొనిరి. వారిలో స్టెఫాన్ గ్రాస్‌మన్ అనునతడు ఆ యింటి ముద్రణలను తన పెట్టెలో దాచుకొనక లోకమునకు వెలువరించెను; ఆ వాద్యపద్ధతిని పుస్తకములుగా వ్రాసి నేర్పెను. 1962లో ముగ్గురు యువగాయకులు డేవిస్ పాడిన సంసోను పాటను తమ రికార్డులో పాడగా, దానివలన వచ్చిన సొమ్ముతో ఆ వీథిగాయకునికి సొంత యిల్లు అమరెను. ఆయన 1972లో మరణించెను. నేటికి ఎన్నో దేశములలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కార్ఖానా పనివారు ఆయన పాటలను తమ తమ యిండ్లలో వాయించి, ముద్రించి, ఒకరికొకరు పంపుకొందురు. వారిలో ఆయనతో సమానులు ఎందఱుందురు? ఒక్కరును ఉండకపోవచ్చును. అయినను ఆ రెండు వ్రేళ్ళ నేర్పు ఇంకను బ్రతికియున్నది.

మనకును టేపులున్నవి. ఈ రెండూళ్ళ తెలుగు కుటుంబములలో పాత స్పూలు టేపులు, క్యాసెట్టులు, మూడు నాలుగు నిమిషముల గ్రామఫోను రికార్డులు బీరువాలలో నున్నవారిని నేనెఱుగుదును, పేర్లు చెప్పను. అడిగినచో “అవి అమూల్యమైనవండీ, బయట పెట్టరాదు” అందురు. అమూల్యమైనదానిని తేమలో కుళ్ళబెట్టుటయా భక్తి? టేపుపై పూత రాలిపోవును, బూజు పట్టును, ఒకనాడు తిప్పబోగా తెగిపోవును. చట్టమునకు జంకువారికి గుమాస్తా లెక్క నొకటి చెప్పెదను. మన కాపీరైట్ చట్టము ప్రకారము వెలువడిన రికార్డుపై హక్కు, ఆ యేడు గడచిన పిమ్మట అఱువది సంవత్సరములు నిలుచును. నాయుడుగారి జీవితకాలమున, అనగా 1964 లోపల, వెలువడిన గ్రామఫోను రికార్డుల గడువు 2024 డిసెంబరుతో తీరినది. రేడియోవారి ముద్రణల సంగతి వేఱు; అది వారినే అడిగి తేల్చుకొనవలెను. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ఆయన కీర్తనను మనము పాడి పంచుకొనుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. మన పెద్దల అనుమతి తప్ప!

ఇది సంగీతప్రియుల ముచ్చట మాత్రమే యని తలంపవలదు. ఇందు మన భాష చిక్కుకొనియున్నది. నేను 1959లో తిరుత్తణిలో పుట్టితిని. అప్పుడది ఆంధ్రదేశము. 1960 ఏప్రిలు 1వ తేదీన పటాస్కరుగారి తీర్పు ప్రకారము మద్రాసు రాష్ట్రమున కలిసినది. నేను కదలలేదు; ఊయలలో నుండగనే నా రాష్ట్రము మారినది. 2006 నాటి చట్టముతో తమిళము బడులలో తప్పనిసరి పాఠమైనది. ఇది యీ నేల భాష. దానిని నేర్చుట మనకు ధర్మమును, లాభమును. కాని దానితోపాటు తెలుగు చదువు మన యిండ్లలో సన్నగిలినది. మన పిల్లలు త్యాగరాజ కీర్తనను తమిళ లిపిలో వ్రాసికొని పాడుదురు. ఆ లిపిలో క, గ లకు ఒక్క అక్షరము. త, ద లకు ఒక్కటి. ప, బ లకు ఒక్కటి. ‘దయ’ను ‘తయ’ యనియు, ‘బాగు’ను ‘పాకు’ అనియు చదివినచో అది ఆ పిల్ల తప్పు కాదు. కాగితము చెప్పలేని మాట చెవికి అందలేదు, అంతే. ఆ పిల్ల పాడిన ముద్రణను తిరుత్తణిలోని అవ్వ విన్నచో, “దయ అనమ్మా, తయ కాదు” అని ఫోనులోనే దిద్దును. మాట గొంతునుండి గొంతునకు పోవలసినదే. నాయుడుగారి కమానులో సాహిత్యము కూడ వినబడెడిదని పెద్దలు మెచ్చుకొనెడివారు. ఆ మెప్పు అర్థమగుటకైనను మన పిల్లలకు ఆ మాటలు తెలియవలెను గదా!

ఇంక నా సొంత సంగతి చెప్పకున్న ఈ వాదము సగమే యగును. నాకు పదునాలుగేండ్లప్పుడు నాలుగు సంవత్సరములు నేర్చిన ఫిడేలుతో ఒక భజనమందిరమున వర్ణము వాయించితిని. చేయి వణకినది. వెనుకనుండి ఒకరు “ఎవరురా పిల్లిని త్రొక్కినది?” అనిరి. అందఱు నవ్విరి. ఆ రాత్రి ఫిడేలును పెట్టెలో పెట్టి తాళము వేసితిని. నలుబది యేండ్లకు పైగా అది బీరువాపైన పడియుండినది. ఉద్యోగము, పెండ్లి, పిల్లలు, ఇంటి అప్పు. సాకులకు కొదువ లేదు. 2020లో ఇల్లు కదలరాని దినములలో తాళము తీసి చూడగా, కమాను వెండ్రుకలను పురుగు కొట్టినది, బిరడలు బిగిసిపోయినవి, తంతులు తుప్పుపట్టినవి. అరక్కోణము మీదుగా పోవు ఎలక్ట్రిక్ రైలులో మద్రాసునకు మోసికొనిపోయి బాగుచేయించి, నా మనుమరాలికిచ్చితిని.

ఆ పిల్ల వయస్సు పదునొకండు. గత కార్తికమున నా మాట నమ్మి, వర్ధంతి కొఱకు ఇరువది దినములు సాధన చేసి ఒక కీర్తన ముద్రణ చేసినది. సభకు నాతో వచ్చి ప్రక్కనే కూర్చున్నది. సినిమా పాటలు ముగిసి దీపములార్పుచుండగా నా చేయి లాగి, “నాది బాగలేదా తాతా? అందుకే పెట్టలేదా?” అని యడిగినది. ఐదుగురు ఉపన్యాసకులు కూర్చున్న ఆ సభలో నాకు సమాధానము దొరకలేదు. మఱునాడు ఫిడేలు పెట్టెకు తాళము పడియున్నది. ఈ తాళము నేను వేసినది కాదు. పెట్టె మాత్రము అదే.

కావున కార్యవర్గము వారికి మరల విన్నవించుచున్నాను. వచ్చు నవంబరు 25వ తేదీన ఉపన్యాసములు అర్ధగంటలో ముగింపుడు. తిరుత్తణి, తిరువళ్ళూరు కుటుంబములు పంపిన ముద్రణలను ఒకదాని తరువాత ఒకటి వినిపింపుడు. ప్రతివారును ముందుగా తెలుగులో తమ పేరును, రాగమును, వాగ్గేయకారుని పేరును చెప్పి, పల్లవి నోటితో పాడి, పిదప వాయింపవలెను. మొదటను తుదను నాయుడుగారి పాత రికార్డు నొక్కొక్కటి వేయుడు. అప్పుడు గంతు ఎంతటిదో, హనుమంతుడెంతటివాడో పిల్లలకే తెలియును. వారిని చిన్నబుచ్చవలసిన పని మనకుండదు. అన్నిటిని రెండు ప్రతులుగా తీసి, ఒకటి సంఘముననుంచి రెండవది అడిగినవారికెల్ల ఇండు. దండ ఖర్చులో సగముతో ఈ పని జరుగును.

ఎవరి ముద్రణ అన్నిటికంటె చెడ్డదగునో యని పిల్లలు భయపడవలదు. ఆ స్థానమునకు నేను పేరిచ్చితిని. ఈ సంచిక మీ చేతికి వచ్చునాటికి, అఱువది దాటిన నా వ్రేళ్ళతో, పదునాలుగవ యేట ఆగిపోయిన ఆ వర్ణమునే వాయించి కార్యదర్శిగారికి పంపియుందును. రెండుచోట్ల కమాను జాఱినది. ఒకచోట కాలము తప్పినది. ఏమియు దిద్దలేదు. పెట్టె తాళపుచెవి మనుమరాలిని అడిగి తీసికొంటిని. వాయించునంత సేపును అది గడప దగ్గఱ నిలిచి విన్నది. నవ్వలేదు.